ఎక్స్‌బాక్స్ గెలుస్తుందని ఎదురుచూడకండి

ప్రశ్న: నా వయసు 24. కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ల కిందట జీతంలో దాచుకున్న డబ్బుతో మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి గేములాడే యంత్రం) ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొన్నాను. సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కంటే బాగా చవక, పైగా గేమ్ పాస్ చందా కడితే ఒక్కో గేమూ విడిగా కొనక్కర్లేదు అనిపించింది. ఇప్పుడు నా స్నేహితులందరి ఇళ్లలో పీఎస్5 ఉంది. ఎక్స్‌బాక్స్ పని అయిపోయిందని, నేను డబ్బు పోగొట్టుకున్నానని అంటున్నారు. మా అన్నయ్య మాత్రం, "పీఎస్3 కూడా మొదట్లో ఇలాగే వెనుకబడింది. చివరికి ఎక్స్‌బాక్స్ 360ని దాటేసింది. ఈసారి ఎక్స్‌బాక్స్ వంతు, కాస్త ఓపిక పట్టు" అంటాడు. వెనుకబడిన కన్సోల్ నిజంగా పోటీదారులను దాటగలదా? నేను దీన్ని అమ్మేసి పీఎస్5 కొనుక్కోవాలా, ఆగాలా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ అన్నయ్య చెప్పిన చరిత్ర నిజమే. దాన్ని ఈనాటి ఎక్స్‌బాక్స్‌కు అన్వయించడమే కుదరదు. వెనుకబడిన కన్సోల్ ముందున్నదాన్ని దాటిన సందర్భాలు ఉన్నాయి, కానీ చాలా తక్కువ. అలా దాటినప్పుడల్లా వెనుక ఉన్న కంపెనీ బోలెడు డబ్బు పోసి తన తప్పు దిద్దుకుంది, సరిగ్గా అదే సమయానికి ముందున్న కంపెనీ తడబడింది. ఈ రెండూ కలిసిరావాలి. ఎక్స్‌బాక్స్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఈ పందెంలో గెలవాలన్న పట్టుదల మైక్రోసాఫ్ట్‌కే సడలిపోయింది. అందుకని ఎక్స్‌బాక్స్ మళ్లీ పుంజుకుంటుందన్న ఆశతో మాత్రం ఆగకండి. అలాగని రేపే అమ్మేయమనీ నేను అనను. ఆ లెక్క వేరు, దాని దగ్గరికి వస్తాను. ముందు పీఎస్3 కథ వివరంగా చెప్పనివ్వండి. మీ అన్నయ్య ధైర్యమంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి.

2006 నాటికి కన్సోళ్ల పోటీలో సోనీ వరుసగా రెండు తరాలు గెలిచి ఉంది. మొదటి ప్లేస్టేషన్ అమ్మకాలు 10 కోట్లు దాటాయి. పీఎస్2 చివరికి 15 కోట్లు కూడా దాటింది. ఆ ధీమాతోనే 2006 మే నెలలో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో పీఎస్3 ధరలు ప్రకటించింది: చిన్న మోడల్ 499 డాలర్లు, పెద్దది 599 డాలర్లు. అప్పటికే ఎక్స్‌బాక్స్ 360 అంగళ్లలోకి వచ్చి ఆరు నెలలయింది. దాని ధరలు 299, 399 డాలర్లు. పీఎస్3 వచ్చిన నవంబరు నెలలోనే నింటెండో కంపెనీ కన్సోల్ వీ 250 డాలర్లకు వచ్చింది. అంటే సోనీ ఒక పోటీదారు కంటే ఏడాది ఆలస్యంగా, ఇంకో పోటీదారు కంటే రెట్టింపు ధరతో బరిలోకి దిగింది. ఐరోపా వాళ్లకైతే 2007 మార్చి దాకా పీఎస్3 అందనే లేదు. ప్లేస్టేషన్ సృష్టికర్తగా పేరున్న కెన్ కుతరాగి, దీన్ని కొనడానికి జనం ఇంకొన్ని గంటలు ఎక్కువ పనిచేద్దాం అనుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. గెలిచి గెలిచి ఉన్న కంపెనీకి కొనేవాడి జేబు ఎంత దూరమైపోతుందో ఆ మాటలోనే తెలుస్తుంది.

ధర అంత పెరగడానికి ముఖ్యంగా రెండు భాగాలు కారణం. ఒకటి సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి తయారుచేసిన సెల్ ప్రాసెసర్. రెండోది బ్లూ-రే డ్రైవ్, అంటే డీవీడీ తర్వాత వచ్చిన కొత్తరకం డిస్కులను ఆడించే భాగం. 60 గిగాబైట్ల మోడల్ తయారీకే దాదాపు 840 డాలర్లు అవుతుందని ఐసప్లై సంస్థ యంత్రాన్ని విప్పి చూసి అంచనా వేసింది. ఆ లెక్కన 599 డాలర్లకు అమ్మిన ప్రతి పెట్టె మీదా సోనీకి నష్టమే. 2007 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సోనీ గేమ్ విభాగం నష్టం 23 వేల కోట్ల యెన్‌లు దాటింది.

డబ్బు నష్టం ఒక ఎత్తు, గేములు తయారుచేసే స్టూడియోల అవస్థ ఇంకో ఎత్తు. సెల్ ప్రాసెసర్‌లో ఒక ప్రధాన కోర్ (లెక్కలు చేసే భాగం), దానికి తోడు గేములు వాడుకోగలిగే సహాయక కోర్లు ఆరు ఉండేవి. ఆ ఆరింటికీ పని సరిగ్గా పంచితేనే వేగం వస్తుంది. మెమరీని కూడా 256 మెగాబైట్ల చొప్పున రెండు ముక్కలుగా విడదీశారు. ఎక్స్‌బాక్స్ 360లో 512 మెగాబైట్లూ ఒకే చోట ఉండేవి, స్టూడియో తనకు కావలసినట్టు వాడుకునేది. అందుకని చాలా కంపెనీలు ముందు 360 కోసం గేము తయారుచేసి, తర్వాత దాన్ని పీఎస్3కి మార్చేవి. ఫలితంగా అదే గేము, ఎక్కువ ధర పెట్టి కొన్న యంత్రంలో, కాస్త నత్తనడకగా నడిచేది. ఒక కన్సోల్ వెనుకబడితే పైకి రావడం ఎందుకంత కష్టమో ఇక్కడే అర్థమవుతుంది. సంతలో జనం ఎక్కువున్న వైపే అంగళ్లు పెడతారు, అంగళ్లున్న వైపే జనం వెళతారు. కన్సోల్ కొన్నవాళ్లు తక్కువైతే స్టూడియోలు శ్రద్ధ తగ్గిస్తాయి. శ్రద్ధ తగ్గితే కొనేవాళ్లు ఇంకా తగ్గుతారు.

ఆ ఊబిలోంచి సోనీ ఎలా బయటపడిందో చూడండి. ముందు మనిషిని మార్చింది. 2006 చివర్లో కజ్ హిరాయ్ గేమ్ విభాగం పగ్గాలు అందుకున్నారు, 2007లో కుతరాగి తప్పుకున్నారు. ఆ తర్వాత ఖర్చు కోయడం మొదలైంది. పీఎస్2 గేములు ఆడించే చిప్పులను తీసేశారు. అది పాత అభిమానులకు బాధ కలిగించింది, నా దృష్టిలో ఆ బాధ న్యాయమైనదే. సెల్ చిప్‌ను చిన్నది చేశారు. 2009 సెప్టెంబరులో సన్నని పీఎస్3 299 డాలర్లకు వచ్చింది. మొదటి ధరలో సగం! అమ్మకాలు లేచింది అక్కడే.

ఈలోగా ఇంకో మేలు జరిగింది. బ్లూ-రేకి పోటీగా తోషిబా నిలబెట్టిన హెచ్‌డీ డీవీడీ ఓడిపోయింది. 2008 జనవరిలో సినిమాలు తీసే వార్నర్ సంస్థ బ్లూ-రే వైపు మొగ్గింది, ఫిబ్రవరిలో తోషిబా తప్పుకుంది. రెండేళ్ల ముందు పీఎస్3 ధరను అడ్డగోలుగా పెంచిన డ్రైవే, ఇప్పుడు సినిమాలు చూసేవాళ్లు కూడా దాన్ని కొనడానికి కారణమైంది. సోనీ సొంత స్టూడియోలు కూడా అప్పటికి సెల్ ప్రాసెసర్ గుట్టు పట్టేశాయి. 2009లో అన్‌చార్టెడ్ 2, 2010లో గాడ్ ఆఫ్ వార్ 3, గ్రాన్ టురిస్మో 5, 2013లో ద లాస్ట్ ఆఫ్ అస్. అప్పట్లో ఇవి ఆడాలంటే పీఎస్3 తప్ప వేరే దారి లేదు. ఆన్‌లైన్‌లో ఆడడానికి 360లో ఏటా చందా కట్టాలి, పీఎస్3లో ఉచితం. కళాశాల విద్యార్థులకు అది చిన్న తేడా కాదు.

సోనీ ఎంత చెమటోడ్చినా, మైక్రోసాఫ్ట్ తడబడకపోతే ఇది జరిగేది కాదు. 360 యంత్రాలు పెద్ద సంఖ్యలో చెడిపోయాయి. పవర్ బటన్ చుట్టూ మూడు ఎర్ర దీపాలు వెలిగితే ఇక అంతే. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పొడిగించి, మరమ్మతుల కోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. 2010లో ఒంటి కదలికలతో ఆడించే కైనెక్ట్ కెమెరా విజయం చూసి, నియమంగా గేములు ఆడే తన అసలు వినియోగదారుల మీద దృష్టి తగ్గించింది. జపాన్‌లో 360 అమ్మకాలు మొత్తం 16 లక్షల దగ్గర ఆగిపోయాయి, పీఎస్3 అక్కడ కోటికి చేరువైంది. అమెరికాలో 360ను పీఎస్3 ఎన్నడూ దాటలేదు. ప్రపంచం మొత్తం మీద దాటిందంటే, జపాన్, ఐరోపా మోసుకొచ్చాయి. కన్సోల్ పోటీ ఒకే మైదానంలో జరగదు, దేశానికొక తీరుగా జరుగుతుంది. మధ్యలో 2011 ఏప్రిల్‌లో సోనీ నెట్‌వర్క్‌లోకి దొంగలు చొరబడి 7.7 కోట్ల ఖాతాల సమాచారం బయటపడింది. మూడు వారాలకు పైగా సేవ ఆగిపోయింది. అంత దెబ్బ తిని కూడా సోనీ నిలబడింది.

చివరి లెక్క: పీఎస్3 8.74 కోట్లు. ఎక్స్‌బాక్స్ 360కి మైక్రోసాఫ్ట్ చివరిసారిగా 2014లో చెప్పిన సంఖ్య 8.4 కోట్లు. దాటడం అంటే ఇంతే, వెంట్రుకవాసి తేడా. ఆ తరం అసలు విజేత వీ, 10.16 కోట్లు. అంటే మీ అన్నయ్య చెప్పిన గొప్ప పునరాగమనం మూడో స్థానం నుంచి రెండో స్థానానికి రావడం. దానికి ఆ యంత్రం జీవితకాలమంతా పట్టింది. దీన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు, ఇంటి కన్సోళ్ల చరిత్రలో ఇంతటి దిద్దుబాటు నాకు మరొకటి కనిపించదు. కానీ 2006లో 599 డాలర్లు పెట్టి కొన్నవాడి కోణంలో ఒకసారి ఆలోచించండి. కంపెనీ చివరికి గెలిచింది నిజమే. అతను మాత్రం మంచి గేముల కోసం రెండు మూడేళ్లు ఎదురుచూశాడు, ఆ తర్వాత అదే యంత్రం సగం ధరకు పక్కింటికి రావడం చూశాడు. ఓపిక ఫలితం సోనీకి దక్కినంతగా అతనికి దక్కలేదు.

అంతకుముందు సెగా చేసిన పోరాటం ఇంకా హుషారైనది. 1980ల చివర్లో అమెరికాలో నింటెండోది దాదాపు ఏకఛత్రాధిపత్యం. తన కోసం గేములు చేసే కంపెనీలు ఏడాదికి అయిదు గేములకు మించి తేకూడదనీ, వాటిని రెండేళ్లపాటు వేరే యంత్రాలకు ఇవ్వకూడదనీ షరతులు పెట్టేది. 1989లో సెగా తన జెనెసిస్ కన్సోల్‌ను అమెరికాకు తెచ్చింది. 1990లో అక్కడి బాధ్యతలు తీసుకున్న టామ్ కలిన్‌స్కీ 1991లో ధరను 189 నుంచి 149 డాలర్లకు తగ్గించారు, పెట్టెలో పాత గేము తీసేసి కొత్తగా వచ్చిన సోనిక్ గేమును పెట్టి అమ్మారు. అదే ఏడాది నింటెండో కొత్త సూపర్ యంత్రం 199 డాలర్లకు వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ జెనెసిస్ నిర్మాణాన్ని సొంతంగా ఛేదించి, సెగాతో తక్కువ రుసుముకు ఒప్పందం కుదుర్చుకుని, ఫుట్‌బాల్, హాకీ గేములను అక్కడ కుమ్మరించింది. 1993లో మోర్టల్ కాంబాట్ ఇంటి కన్సోళ్లకు వచ్చినప్పుడు నింటెండో రక్తాన్ని తీసేయించింది, సెగాలో ఒక రహస్య సంకేతం నొక్కితే రక్తం కనిపించేది. పద్నాలుగేళ్ల కుర్రాళ్లు ఏ యంత్రం కొనమని ఇంట్లో గొడవ చేశారో చెప్పక్కర్లేదు. కొన్నేళ్లపాటు అమెరికాలో ఆ తరపు (16-బిట్) యంత్రాల అమ్మకాల్లో సగానికి పైగా సెగావే.

కానీ జపాన్‌లో ఆ యంత్రం మూడో స్థానం దాటలేదు. ప్రపంచ లెక్కలో చివరికి నింటెండోనే 4.9 కోట్లతో పైన నిలిచింది. సెగా ఆ తర్వాత చేసిన పనులు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తాయి. జెనెసిస్‌కు సీడీ యంత్రం తగిలించింది, తర్వాత 32ఎక్స్ అనే మరో తగిలింపు అమ్మింది, అది కొన్నవాళ్ల చేతిలో చల్లారకముందే 1995 మేలో శాటర్న్‌ను చెప్పాపెట్టకుండా 399 డాలర్లకు విడుదల చేసింది. సెగా ఆ ప్రకటన చేసిన గేముల ప్రదర్శనలోనే సోనీ ప్రతినిధి వేదిక ఎక్కి, ప్లేస్టేషన్ ధర 299 అని ఒక్క మాట చెప్పి దిగిపోయారు. ముందుగా సరుకు అందని అమెరికా దుకాణాలు కోపగించాయి, కేబీ టాయ్స్ అయితే శాటర్న్‌ను అమ్మనే లేదు. 1999లో అమెరికాకు వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ నిజంగా మంచి యంత్రం. ఇంటర్నెట్‌కు కలిపే మోడెం లోపలే ఉంది, ధర 199 డాలర్లు, గేములు గొప్పవి. అయినా సెగా మాట నమ్మి మళ్లీ డబ్బు పెట్టడానికి జనం వెనుకాడారు, డీవీడీ ఆడే పీఎస్2 వస్తోందని ఆగిపోయారు, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన గేములు ఇవ్వనే లేదు. 2001 జనవరిలో దాని తయారీ ఆపేస్తున్నట్టు సెగా ప్రకటించింది. మంచి యంత్రం ఉంటే చాలు గెలుస్తుందనేవాళ్లకు నేను ఎప్పుడూ డ్రీమ్‌కాస్ట్‌ను గుర్తుచేస్తాను.

నింటెండో సంగతి క్లుప్తంగా. 2011లో చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ సరిగ్గా అమ్ముడుపోకపోతే ఆరు నెలల్లోపే 250 డాలర్ల ధరను 170కి దించింది, అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగానికి కోసుకున్నారు, ముందే కొన్నవాళ్లకు 20 పాత గేములు ఉచితంగా ఇచ్చారు. ఆ యంత్రం బతికింది. 2012లో వచ్చిన వీ యూ మాత్రం బతకలేదు, మొత్తం అమ్మకాలు కోటీ 35 లక్షలు. దాన్ని లాగి నిలబెట్టే ప్రయత్నం మానేసి, 2017లో స్విచ్ తెచ్చింది. అది 15 కోట్లు దాటింది. నింటెండో కంపెనీగా లేచింది. వీ యూ కొన్నవాళ్ల యంత్రం మాత్రం లేవలేదు. వెనుకబడిన కంపెనీలు ఎక్కువగా ఇలాగే కోలుకుంటాయి: ఉన్న యంత్రంతో కాదు, తర్వాతి యంత్రంతో.

అయితే ఎక్స్‌బాక్స్ కూడా తర్వాతి యంత్రంతో లేవచ్చు కదా అని మీ అన్నయ్య అడగవచ్చు. ఇక్కడే కాలం మారింది. 2013లో 360 తర్వాతి యంత్రమైన ఎక్స్‌బాక్స్ వన్‌ను టీవీ పెట్టెలా పరిచయం చేశారు, రోజుకోసారి ఇంటర్నెట్‌కు తగలాలన్నారు, ఒకరు వాడిన డిస్కులు ఇంకొకరు వాడడానికి అడ్డంకులు పెట్టారు. జనం మండిపడితే కొన్ని వారాల్లోనే వెనక్కి తగ్గారు. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగింది. ధర పీఎస్4 కంటే 100 డాలర్లు ఎక్కువ. పీఎస్4 11.7 కోట్లు అమ్ముడైంది. ఆ తరంలో సోనీ తమకంటే రెట్టింపుకు పైగా అమ్మిందని మైక్రోసాఫ్టే 2022లో బ్రెజిల్ నియంత్రణ సంస్థకు ఇచ్చిన పత్రాల్లో రాసింది.

అన్ని తరాల్లోకీ అదే ఓడిపోకూడని తరం. ఎందుకంటే అప్పుడే జనం డిస్కులు మాని డిజిటల్ ప్రతులు కొనడం అలవాటు చేసుకున్నారు. పీఎస్2 నుంచి 360కి మారినవాడు ఏం వదులుకున్నాడు? అటక మీద కొన్ని డిస్కులు. పీఎస్4 నుంచి పీఎస్5కి కాకుండా ఎక్స్‌బాక్స్‌కు మారేవాడు ఏళ్లుగా కొన్న గేములు, స్నేహితుల జాబితా, సేవ్ చేసుకున్న ఆటలు, ట్రోఫీలు అన్నీ వదులుకోవాలి. అప్పట్లో ఎక్స్‌బాక్స్ అధిపతిగా ఉన్న ఫిల్ స్పెన్సర్ 2023లో ఈ మాట దాచకుండా చెప్పారు: అందరూ డిజిటల్ లైబ్రరీ కట్టుకున్న తరంలోనే మేం ఓడాం, ఇప్పుడు ఎంత గొప్ప గేము తెచ్చినా జనం పీఎస్5 అమ్మేసి మా దగ్గరికి రారు అని ఆయన మాటల సారాంశం. ఒక కంపెనీ అధిపతి అంత నిజాయతీగా మాట్లాడడం అరుదు. ఆ నిజాయతీని నేను గౌరవిస్తాను.

ఆ తర్వాతి అడుగులు ఆ మాటకు తగ్గట్టే పడ్డాయి. మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లతో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేముల కంపెనీని 2023 అక్టోబరులో సొంతం చేసుకుంది. ఆ కంపెనీ గేము కాల్ ఆఫ్ డ్యూటీని మాత్రం ప్లేస్టేషన్‌లో పదేళ్లు కొనసాగిస్తామని సోనీతో ఒప్పందం రాసుకుంది. 2024లో సీ ఆఫ్ థీవ్స్‌ను, 2025లో ఫోర్జా హొరైజన్ 5ను, గేర్స్ ఆఫ్ వార్‌ను పీఎస్5కి తెచ్చింది. ఎక్స్‌బాక్స్‌కు గుండెకాయ లాంటి హేలోను కూడా పీఎస్5కి ప్రకటించింది. పీఎస్3 ఎలా లేచిందో గుర్తుచేసుకోండి: ధర తగ్గించి, ఇంకెక్కడా దొరకని గేములు ఇచ్చి. మైక్రోసాఫ్ట్ తన గేములు పోటీదారుకు ఇస్తోంది. 2020లో 300 డాలర్లకు వచ్చిన సిరీస్ ఎస్ ధర అమెరికాలో 2025లో రెండు విడతలుగా పెరిగి 400 డాలర్లయింది. సోనీ కూడా ధరలు పెంచింది. కానీ 8 కోట్లకు పైగా పీఎస్5లు అమ్మినవాడు ధర పెంచడం వేరు, వెనుక నుంచి అందుకోవాల్సినవాడు పెంచడం వేరు. ఇది పందెం గెలవాలనుకునే కంపెనీ నడక కాదు. గేములు ఎక్కడ అమ్ముడుపోతే అక్కడ అమ్ముకుందామనుకునే కంపెనీ నడక. వ్యాపారంగా అది తప్పని నేను అనను. మీ అన్నయ్య ఆశకు మాత్రం అది ఆధారం కాదు.

ఇక మీ డబ్బు సంగతి. మీరు మోసపోలేదు, డబ్బు పోగొట్టుకోనూ లేదు. మూడేళ్లు తక్కువ ఖర్చుతో చాలా గేములు ఆడారు. స్నేహితుల మాటలు పట్టించుకోకండి. కొన్న కన్సోల్ ఓడిపోతే కొన్నవాడు ఓడినట్టు కాదు.

సిరీస్ ఎస్‌లో డిస్క్ డ్రైవ్ లేదు. అంటే మీరు కొన్న గేములన్నీ ఖాతాలో ఉన్న డిజిటల్ ప్రతులే. యంత్రం అమ్మితే వచ్చేది యంత్రం ధర మాత్రమే, గేముల మీద పెట్టిన డబ్బులో రూపాయి కూడా తిరిగి రాదు. అందుకని ముందు కూర్చుని ఒక జాబితా రాయండి. గేమ్ పాస్‌లో ఆడినవి కాకుండా, డబ్బిచ్చి సొంతంగా కొన్నవి ఎన్ని? వాటిలో మళ్లీ ఆడేవి ఎన్ని? ఆ జాబితా పెద్దదైతే సిరీస్ ఎస్‌ను ఉంచుకోవడమే మేలు. చేతివేళ్లకు సరిపోయేంతే ఉంటే, అమ్మడానికి అడ్డేమీ లేదు.

రెండోది, స్నేహితులతో మీరు ఏం ఆడాలనుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, కాల్ ఆఫ్ డ్యూటీ, ఈమధ్య వచ్చిన ఈఏ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ గేములు అయితే మీ ఎక్స్‌బాక్స్ నుంచే వాళ్ల పీఎస్5లతో కలిసి ఆడవచ్చు. సెట్టింగుల్లో క్రాస్‌ప్లే ఆన్ చేస్తే చాలు. చాలామంది ఈ సంగతి తెలియక కొత్త యంత్రం కొంటున్నారు. జీటీఏ ఆన్‌లైన్ లాంటివి మాత్రం అలా కలవవు. మీ బృందం సాయంత్రాలన్నీ అక్కడే గడుపుతుంటే, పీఎస్5 కొనడానికి అది సరైన కారణమే. స్నేహితులతో కలిసి ఆడుకోవడం కంటే మంచి కారణం నాకు తట్టదు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, స్పైడర్‌మ్యాన్ 2 లాంటి సోనీ గేములు ఒంటరిగా ఆడాలని ఎప్పటినుంచో మనసుంటే అదీ సరైన కారణమే. అయితే ఇవి తర్వాత కంప్యూటర్‌కు కూడా వచ్చాయి. ఇంట్లో మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఉంటే ముందు అటు చూడండి.

పీఎస్5 కొనాలనే అనుకుంటే, డిస్క్ డ్రైవ్ ఉన్న మోడలే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. మన దగ్గర వాడిన డిస్కులు కొనడం, అమ్మడం, మార్చుకోవడం బాగా నడుస్తుంది. సోనీ పెద్ద గేములు కొత్తవి 5 వేల రూపాయల దగ్గర ఉంటాయి. ఆడేశాక డిస్కు అమ్మితే చాలావరకు తిరిగి వస్తుంది. మీ స్నేహితులు నలుగురి దగ్గర నాలుగు డిస్కులు ఉంటే అందరూ నాలుగూ ఆడవచ్చు. పండుగల సమయంలో సోనీ ధర తగ్గించడం తరచూ జరుగుతోంది, అప్పటిదాకా ఆగండి. ఈ ఆగడానికి అర్థం ఉంది. ఇంకొకటి, డబ్బిచ్చి కొన్న గేములను పీఎస్5లో ఆన్‌లైన్ ఆడాలంటే ఇప్పుడు అక్కడా చందా కట్టాలి, పీఎస్3 నాటి ఉచితం పోయింది. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

గేమ్ పాస్‌ను ఏడాది పొడవునా కట్టడం మానేయండి. 2025 అక్టోబరులో దాని పై శ్రేణి చందాను అమెరికాలో ఒక్కసారిగా నెలకు 20 డాలర్ల నుంచి 30కి పెంచారు, మన దేశంలోనూ పెంచారు. మీకు కావలసిన గేము వచ్చిన నెల కట్టండి, ముగించండి, ఆపేయండి. మీ సేవ్‌లు ఎక్కడికీ పోవు. బాగా నచ్చి మళ్లీ మళ్లీ ఆడేదేదైనా ఉంటే తగ్గింపు ధరలో సొంతంగా కొనేయండి, చందా ఆగితే ఆ గేము కూడా ఆగిపోతుంది కాబట్టి.

యంత్రం అమ్మినా మీ ఎక్స్‌బాక్స్ ఖాతాను మాత్రం తొలగించకండి. రాబోయే ఎక్స్‌బాక్స్ కోసం చిప్పులు తయారుచేసే ఏఎండీ కంపెనీతో కలిసి పనిచేస్తున్నామనీ, ఇప్పటిదాకా కొన్న గేములు అందులోనూ నడుస్తాయనీ మైక్రోసాఫ్ట్ 2025లో ప్రకటించింది. కొన్నవాటిలో కొన్ని కంప్యూటర్‌లో కూడా నడుస్తాయి. అమ్మే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ఖాతాకు కలిపి ఉన్న కార్డు వివరాలు తీసేయండి. రెండో కంట్రోలర్ ఉంటే దాన్ని అమ్మకండి, బ్లూటూత్‌తో ఫోనుకూ కంప్యూటర్‌కూ పనిచేస్తుంది.